పిడికిట్లో విమానం: కంట్రోల్ లైన్ మోడల్ కట్టి ఎగరేయడం, మొదటి నుంచి

చేల మీద వాలే పిట్టల్ని తోలడానికి వడిసెల తిప్పేవాళ్లను చూసే ఉంటారు. రాయి పెట్టి గిరగిరా తిప్పుతుంటే తాడు బిగిసి చెయ్యి లాగేస్తుంది. కంట్రోల్ లైన్ విమానం కూడా అలాంటిదే, కాకపోతే రాయి బదులు ఇంజిన్ ఉన్న చిన్న విమానం ఉంటుంది, తిరిగే పని అదే చూసుకుంటుంది, మనం మధ్యలో నిలబడి దాంతోపాటు తిరుగుతూ రెండు సన్నటి తీగలతో దాన్ని పైకీ కిందకీ నడుపుతాం. చేతిలో రిమోట్ ఉండదు, సిగ్నల్ పోతుందన్న భయం ఉండదు. విమానం ఏం చేస్తోందో వేళ్లకే తెలిసిపోతుంది. డ్రోన్ ఎగరేసేవాళ్లకు ఈ సుఖం లేదు, వాళ్లు ఏమనుకున్నా సరే.

కిందంతా నేను నెల్లూరు చుట్టుపక్కల మడుల్లోనూ, ఒంగోలు వైపు బీళ్లలోనూ పడి లేచి నేర్చుకున్నది. చాలా సంగతులు వస్తాయి గానీ, దాదాపు అన్నీ తీగ బిగువు దగ్గరికే వచ్చి ఆగుతాయి. తీగ బిగుతుగా ఉన్నంతసేపూ విమానం మీది, వదులైన మరుక్షణం అది గాలిది.

ఎట్టా పనిచేస్తుంది

విమానం పొట్టలో, రెక్క మధ్యన, బెల్‌క్రాంక్ అని ఒక చిన్న పలక ఉంటుంది. త్రాసులా మధ్యలో మేకు మీద అటూ ఇటూ ఊగుతుంది. దాని రెండు కొసల నుంచి రెండు తీగలు ఎడమ రెక్క చివరి దాకా వచ్చి బయటికి తేలతాయి, వీటినే లీడౌట్లు అంటారు. వాటికి మన పొడవాటి లైన్లు తగిలిస్తే అవి వచ్చి మన చేతిలో హ్యాండిల్‌కు చేరతాయి. హ్యాండిల్ వెనక్కి వంచితే ఒక తీగ లాగబడుతుంది, బెల్‌క్రాంక్ తిరుగుతుంది, దానికి కట్టిన పుష్‌రాడ్ అనే సన్నటి కడ్డీ తోక దగ్గర ఎలివేటర్ అనే కదిలే పలకను లేపుతుంది, విమానం ముక్కు పైకెత్తుతుంది. ముందుకు వంచితే దిగుతుంది. అంతే, ఇంకో కంట్రోల్ లేదు. మామూలుగా ఇంజిన్‌ని కూడా ఆపలేం, ఆయిల్ అయిపోతే (ఇంధనాన్నే ఇక్కడ ఆయిల్ అంటున్నా) అదే ఆగుతుంది.

ఈ పద్ధతిని యు-కంట్రోల్ పేరుతో అమెరికాలో జనానికి అలవాటు చేసింది ఓరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌కు చెందిన జిమ్ వాకర్. 1940 ప్రాంతంలో ఆయన అమ్మిన ఫైర్‌బాల్ మోడల్‌తో ఇది ఇంటింటికీ చేరింది. ఆయన చెరో చేత్తో ఒకటి, తలకు కట్టుకుని ఇంకొకటి, మొత్తం మూడు విమానాలు ఒకేసారి ఎగరేసేవాడు. మనం ఒకదాంతో మొదలుపెడదాం.

ముందు స్థలం చూసుకోండి

లైన్ 15 మీటర్లు అనుకోండి. దానికి మీ చెయ్యి, రెక్క కలిపి 17 అనుకోండి, చుట్టూ ఇంకో పది మీటర్ల ఖాళీ. అంటే దగ్గర దగ్గర ముప్పావు ఎకరం నేల కావాలి. నెల్లూరు వైపు వరి కోతలయ్యాక మడులు ఖాళీగానే ఉంటాయి గానీ కొయ్యకాళ్ల మీద చక్రాలు పరిగెత్తవు, చేత్తో వదలాలి. దిగేటప్పుడు పల్టీ కొట్టినా మెత్తటి నేలే కాబట్టి పెద్దగా విరగదు. ప్రకాశం వైపు పొగాకు తీసేసిన చేలు, ఎండిన చెరువులు బాగుంటాయి, నెర్రెలు విచ్చిన నల్లరేగడి మాత్రం వద్దు, మీరే వెనక్కి అడుగు వేయబోయి పడతారు. వెనక్కి అడుగు వేయడం ఈ ఆటలో సగం పని. కాలేజీ గ్రౌండు దొరికితే ఇంక అడగక్కర్లేదు, అనుమతి ఒక్కటి తీసుకోండి.

మైపాడు, కొత్తపట్నం బీచుల మీద అందరికీ మనసు పోతుంది. నాకూ పోయింది. ఇసుక కార్బ్యురేటర్‌లోకి పోతే పిస్టన్, లైనర్ గీతలు పడి కంప్రెషన్ పోతుంది, ఇంజిన్ పని ఖతం. పైగా ఆదివారం జనం.

ఇక కరెంటు తీగలు. ఇది నవ్వుతూ చదివే పేరా కాదు. మీ చేతిలో ఉన్నవి స్టీలు తీగలు, అవి 11 కేవీ లైన్‌కి తగిలాయంటే ఆ కరెంటుకు దారి మీ ఒళ్లే. మన వైపు రొయ్యల గుంటలున్న చోటల్లా ఏరేటర్లకు వేసిన తీగలు ఎటు చూసినా ఉంటాయి, కంటికి అలవాటైపోయి కనపడవు. నేను పెట్టుకున్న లెక్క, విమానం తిరిగే చుట్టు అంచు నుంచి కనీసం 50 మీటర్ల దాకా ఏ తీగా ఉండకూడదు. దూరంగా ఉరుము వినపడినా హ్యాండిల్ కింద పెట్టేయండి.

వేళ అంటారా, పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర. వేసవిలో పొద్దెక్కాక సముద్రపు గాలి మొదలైందంటే కొత్తవాళ్లకు పని కాదు. సాయంత్రం పైరగాలి ఒంటికి హాయిగా ఉంటుంది గానీ విమానానికి కాదు. నెల్లూరులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎటూ వానలు, ఆ రోజులు ఇంట్లో కూర్చుని విమానం కట్టుకోవడానికి.

ఇంజిన్, ఆయిల్

మొదటిసారికి 2.5 సీసీ గ్లో ఇంజిన్ తీసుకోండి, మోడల్ భాషలో దీన్ని పాయింట్ 15 అంటారు. ఓఎస్, ఎన్యా లాంటి కంపెనీలవి పాతవైనా ఫర్వాలేదు, ప్రొపెల్లర్ పట్టుకుని మెల్లగా తిప్పితే పైకొచ్చేటప్పుడు గట్టిగా ఎదురు తన్నాలి, అదే కంప్రెషన్. కాక్స్ పాయింట్ 049 అని 0.8 సీసీ బుల్లి ఇంజిన్లు కూడా ఉన్నాయి, ముద్దొస్తాయి, కానీ వాటి విమానాలు మరీ తేలిక, చిన్న గాలికే తీగలు వదులవుతాయి. చిన్నది కాబట్టి సులువు అనుకుని చాలామంది అక్కడే మోసపోతారు.

గ్లో ఇంజిన్‌లో స్పార్క్ ఉండదు. ప్లగ్‌లోని ప్లాటినం చుట్టను 1.5 వోల్టుల బ్యాటరీతో ఎర్రగా కాలిస్తే ఇంజిన్ అందుకుంటుంది, తర్వాత బ్యాటరీ తీసేసినా మిథనాల్ ఆవిరి ఆ చుట్టను వెలుగుతూనే ఉంచుతుంది. ఇంధనంలో ఎక్కువ భాగం మిథనాల్, నూటికి 20 నుంచి 25 వంతులు నూనె, కొంచెం నైట్రోమీథేన్. పాత ఇంజిన్లకు ఆ నూనెలో ఆముదం ఉండాల్సిందే, ఎంత వేడెక్కినా పొర తెగదు. తలకు రాసుకునే గానుగ ఆముదం మాత్రం పొయ్యకండి, జిగురు పట్టేస్తుంది, శుద్ధి చేసింది కావాలి. కొత్తవాళ్లు ఇదంతా కలుపుకోవద్దు, హాబీ షాపుల్లో తయారుగా దొరికేదే కొనండి. ఎగిరాక చొక్కాకు పట్టే ఆముదం వాసన రెండు ఉతుకులకు కూడా పోదు, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పుకోండి.

మిథనాల్ విషం. నోట్లోకి పోతే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది, చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది. దాని మంట ఎండలో కనపడదు. తాగే నీళ్ల సీసాలో ఎప్పుడూ పొయ్యొద్దు, పిల్లలకు అందేచోట పెట్టొద్దు.

కొత్త ఇంజిన్‌ని నేరుగా ఎగరేయకూడదు. గట్టి బల్లకు బిగించి, ఆయిల్ ఎక్కువ పోయేలా పెట్టి, రెండేసి నిమిషాలు నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి మళ్లీ నడపాలి. ఓ పది సార్లు ఇలా చేస్తే దారికొస్తుంది.

విమానం కట్టడం

మొదటిది అందంగా ఉండాలని చూడకండి, అది ఎటూ పగులుతుంది. పలక బాడీ విమానం కట్టండి, అంటే పొట్ట డబ్బాలా కాకుండా ఒకే చెక్క పలక. రెక్క ఈ చివరి నుంచి ఆ చివరికి 90 సెంటీమీటర్లు, వెడల్పు 20. బాల్సా చెక్క ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. బాల్సా లేకపోతే రెక్కకు ఎన్నికల బోర్డులకు వాడే సన్‌ప్యాక్ షీటు మడతపెట్టి చేసినా ఎగురుతుంది, బరువు కాస్త పెరుగుతుంది, అందం అడక్కండి. ఇంజిన్ కూర్చునే రెండు దిమ్మెలు మాత్రం గట్టి కర్రవి ఉండాలి, నేను టేకు ముక్కలు పెట్టి ఎపాక్సీతో అతికించాను. మొత్తం బరువు 550 గ్రాములు దాటకుండా చూసుకోండి. చెక్క కనపడే ప్రతి చోటా ఆయిల్ పట్టని రంగో, ఎపాక్సీ పూతో ఉండాలి, లేకపోతే నెల తిరిగేసరికి ముక్కు దగ్గర చెక్క నానిన అటుకులా అవుతుంది.

ఇప్పుడు అసలు కిటుకులు. విమానం మీకు దూరంగా లాగుతూ ఉండాలి కదా, దానికోసం ఇన్ని చేస్తాం: ఇంజిన్‌ని రెండు డిగ్రీలు బయటికి, అంటే మీకు అవతలి వైపుకు తిప్పి బిగిస్తాం. నిలువు తోకను కూడా కొద్దిగా బయటికి తిప్పుతాం. కుడి రెక్క చివర 20, 25 గ్రాముల సీసం పెడతాం, ఎడమ వైపు తీగల బరువు మోస్తోంది కాబట్టి. లీడౌట్లు రెక్క చివర బయటికొచ్చే చోటు, విమానం బరువు తూగే చోటుకు సెంటీమీటరో సెంటీమీటరున్నరో వెనక్కి ఉండాలి.

తూగే చోటు అన్నాను కదా, ట్యాంక్ ఖాళీగా ఉన్నప్పుడు రెక్క కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తి చూడండి. రెక్క ముందు అంచు నుంచి మూడు, నాలుగు సెంటీమీటర్ల దగ్గర నిలబడాలి. ముక్కు బరువైతే విమానం మొద్దుగా ఎగురుతుంది, తోక బరువైతే అసలు చెప్పిన మాట వినదు. అనుమానం వస్తే ముక్కుకే బరువు పెట్టండి. పుష్‌రాడ్‌ని బెల్‌క్రాంక్ వైపు లోపలి రంధ్రానికి, ఎలివేటర్ కొమ్ము (ఎలివేటర్ మీద పుష్‌రాడ్ తగిలే చిన్న ముక్క) వైపు బయటి రంధ్రానికి తగిలిస్తే కదలిక తగ్గుతుంది. మొదట్లో అదే కావాలి, చెయ్యి వణికినంత మాత్రాన విమానం గంతులేయకూడదు.

ట్యాంక్ గురించి ఒక్క మాట. తిరుగుతున్నప్పుడు ఆయిల్ అంతా బయటి గోడకు పోయి అతుక్కుంటుంది, అందుకని లోపలి గొట్టం కొస ట్యాంకుకు బయటి వైపు వెనక మూలలో ఉండాలి. లేకపోతే సగం ఆయిల్ ఉండగానే ఇంజిన్ ఆగిపోతుంది.

తీగలు

ఈ సైజుకు 0.3 మిల్లీమీటర్ల అల్లిన స్టెయిన్‌లెస్ స్టీలు తీగ, 15 మీటర్లవి రెండు. నైలాన్ గాలపు తాడు వాడొద్దు, అది సాగుతుంది, మీరు హ్యాండిల్ వంచింది విమానానికి చేరేలోపే అది నేలలో ఉంటుంది. రెండూ ఒకే పొడవు ఉండాలి. తీగలో ఒక్క మడత పడినా దాన్ని సాపు చేసి వాడకుండా పారేయండి, తెగేది అక్కడే. మన ఉప్పు గాలికి స్టెయిన్‌లెస్ అని పేరున్నవి కూడా మచ్చలు పడతాయి, వాడిన ప్రతిసారీ నూనె గుడ్డతో తుడిచి గుండ్రటి రీలుకు చుట్టండి.

ఎంత లాగుతుందో చూద్దాం. 550 గ్రాముల విమానం సెకనుకు 20 మీటర్ల వేగంతో, అంటే గంటకు 72 కిలోమీటర్లతో 15 మీటర్ల చుట్టులో తిరిగితే మీ చేతి మీద కిలోన్నర లాగుడు ఉంటుంది. చుట్టుకు ఐదు సెకన్లు కూడా పట్టదు. కానీ పరీక్ష కిలోన్నరకు చేస్తే చాలదు, విమానం బరువుకు పది రెట్లు లాగి చూడాలి. చేపల మార్కెట్‌లో వేలాడే స్ప్రింగు కాటా ఉంటుందే, అది హ్యాండిల్‌కు తగిలించి, అవతల ఒకరు విమానాన్ని బెల్‌క్రాంక్ దగ్గర పట్టుకుంటే, ఐదున్నర కిలోల దాకా లాగండి. తెగితే ఇక్కడే తెగనివ్వండి. ఎగిరే ప్రతి రోజూ, మొదటిసారి ఎగరేసేముందు ఇది చేయాలి. హ్యాండిల్‌కి ఒక పట్టీ కట్టి మణికట్టుకు తగిలించుకోవడం మర్చిపోవద్దు, హ్యాండిల్ జారితే ఆ విమానం ఎవరి మీదికైనా పోవచ్చు.

నా మొదటి విమానం సంగతి ఇక్కడే చెప్పాలి. నెలరోజులు కట్టాను. మా బావమరిది పట్టుకుని "వదల్నా బావా?" అన్నాడు, ఊఁ అన్నాను. రెండు గజాలు లేచింది, కంగారులో ఇంకా పైకి లాగాను, అది నేరుగా మడిలోకి ముక్కుతో దిగింది. మడి గట్టు మీద కూర్చుని చూస్తున్న పెద్దాయన దగ్గరికొచ్చి "ఏంది నాయనా, నాటు వేశావా?" అన్నాడు. లైన్లు తారుమారుగా తగిలించాను, అంతే. పైకి అన్నది కిందకి అయింది. అప్పటి నుంచి పై లైన్‌కి రెండు కొసల్లోనూ ఎర్ర దారం చుడతాను, వదిలేముందు ప్రతిసారీ హ్యాండిల్ పైకి వంచి "లేచిందా?" అని అరుస్తాను, విమానం పట్టుకున్నవాడు ఎలివేటర్ చూసి "లేచింది" అనాలి. అనకపోతే ఎగరదు.

స్టార్ట్ చేయడం

8 అంగుళాల ప్రొపెల్లర్, పిచ్ (ఒక్క చుట్టుకు ముందుకు జరిగే లెక్క) 4 అంగుళాలు. ట్యాంక్ సగమే నింపండి, మొదటిరోజు రెండు నిమిషాలు చాలు. ఆయిల్ ఎంత పోవాలో చూసే మర, అదే నీడిల్ వాల్వ్, రెండున్నర, మూడు చుట్లు తెరిచి, గాలి రంధ్రం వేలితో మూసి ప్రొపెల్లర్ రెండుసార్లు తిప్పితే ఆయిల్ వస్తుంది. అప్పుడు ప్లగ్‌కి బ్యాటరీ పెట్టి కొట్టాలి. వేలితో కాదు, రబ్బరు గొట్టం తొడిగిన కర్రతో. నిమిషానికి పదివేల చుట్లు పైనే తిరిగే రెక్క అది, వేలు తెగడానికి ఒకసారి తగిలితే చాలు. తిరుగుతున్నప్పుడు దాని పక్కన, ముందర తల పెట్టొద్దు, నీడిల్‌ని వెనక నుంచే తిప్పాలి.

నీడిల్ లోపలికి తిప్పితే ఆయిల్ తగ్గుతుంది, బయటికి తిప్పితే పెరుగుతుంది. చెవితో నేర్చుకోవాలి ఇది. ఆయిల్ ఎక్కువైతే గొంతు బొంగురుగా, ముక్కుతూ నడుస్తుంది, తగ్గిస్తూ పోతే ఒక్కసారిగా సన్నగా కీచుమంటుంది. ఆ రెండింటి మధ్య హద్దు దొరికాక, బొంగురు వైపుకు ఒక్క పిసరు వెనక్కి తిప్పి వదిలేయండి. గాల్లోకి వెళ్లాక ఆయిల్ పోవడం తనంతట తానే ఇంకాస్త తగ్గుతుంది.

మొదటి చుట్టు

పెద్ద విమానాలు గాలికి ఎదురుగా లేస్తాయని చదువుకున్నాం కదా. ఇక్కడ తిరగేయాలి. మీ వీపుకు గాలి తగిలేలా నిలబడండి, మీ ఎదురుగా ఉన్నది గాలి పోయే వైపు. విమానం పై నుంచి చూస్తే గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది, కాబట్టి మీ కుడి చేతి వైపు, పావు చుట్టు వెనక నుంచి వదలాలి. అక్కడ గాలి దాని తోక వెనక ఉంటుంది, లేచి మీ ఎదురుకు వచ్చేసరికి అదే గాలి దాన్ని మీకు దూరంగా నెట్టి తీగలు బిగిస్తుంది. అవతలి వైపుకు, అంటే గాలి వచ్చే వైపుకు చేరేసరికి వేగం పుంజుకుని ఉంటుంది.

చెయ్యి నేరుగా చాపండి, మోచెయ్యి, మణికట్టు రెండూ బిగబట్టి భుజం నుంచే కదపండి. మణికట్టుతో కదిపితే కొత్తవాళ్ల చేతిలో విమానం కప్ప గంతులేస్తుంది. లేచాక తల ఎత్తుకు కాస్త పైన ఉంచి, చెయ్యి దానికి గురిపెట్టి, అలా తిరుగుతూ ఉండండి. చూపు విమానం మీది నుంచి తీయొద్దు, వెనకాల చెట్లు, జనం గిర్రున తిరిగిపోతుంటారు, వాళ్లను చూశారా తల తిరిగిందే. ముందురోజు ఇంటి పెరట్లో చెయ్యి చాపి బొటనవేలు చూస్తూ ఇరవై చుట్లు తిరిగి అలవాటు చేసుకోండి, గానుగెద్దు అని ఇంట్లో నవ్వుతారు, నవ్వనీయండి. నేర్పేవాళ్లు దొరికితే వాళ్లు మీ వెనక నిలబడి మీ చేతి మీద చెయ్యి వేసి తిప్పడం అన్నిటికంటే మంచి పద్ధతి. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేసినవాళ్లలో ఈ ఆట తెలిసినవాళ్లు ఉంటారు, కాలేజీల్లో అడిగి చూడండి.

తీగ వదులైందని వేళ్లకు తెలిసిన క్షణం ఆలోచించొద్దు, వెనక్కి రెండు మూడు అడుగులు గబగబా వేయండి, బిగుస్తుంది. హ్యాండిల్ వంచి లాభం లేదు, వదులు తీగతో ఏ మాటా విమానానికి చేరదు. మరీ నడినెత్తి మీదికి పోనివ్వకండి, అంత ఎత్తులో దాని బరువే దాన్ని మీ మీదికి లాగుతుంది.

ఆయిల్ అయిపోయేముందు ఇంజిన్ ఒక్కసారి సన్నగా అరిచి ఆగుతుంది. అప్పుడు వెంటనే పైకి లాగాలనిపిస్తుంది, లాగొద్దు. చెయ్యిని విమానం కంటే కొంచెం ముందుకు నడిపిస్తూ, వెనక్కి నడుస్తూ, దాన్ని జారనివ్వండి. నేలకు జానెడు ఎత్తుకు వచ్చాక కాస్త పైకి. దిగాక కాళ్లు ఎడంగా పెట్టి నిలబడండి, భూమి ఇంకా తిరుగుతూనే ఉంటుంది. చుట్టులోకి ఎవరూ పరిగెత్తుకు రాకుండా ముందే చెప్పి ఉంచండి, పిల్లలు తీగలు తొక్కితే మడత పడిపోతాయి.

ఇరవై ముప్పై సార్లు ఇలా చదునుగా తిరిగాకే లూపులు, అంటే గాల్లో నిలువుగా వేసే చుట్లు. అవి కూడా గాలి పోయే వైపునే, అంటే గాలికి వీపు పెట్టి వేయాలి. ఒక్కో లూపుకు తీగలు ఒక్కో మెలి పడతాయి, నాలుగైదు మెలికలతో కూడా స్టీలు తీగలు జారుతూనే ఉంటాయి గానీ, అదే లెక్కన తలకిందుల లూపులు వేస్తే విడిపోతాయి. ఆ తర్వాత ఇష్టం మీది. పోటీల్లో ఎఫ్2ఎ అంటే వేగం, ఎఫ్2బి విన్యాసాలు, ఎఫ్2సి టీమ్ రేసు, ఎఫ్2డి కాంబాట్. కాంబాట్‌లో ఇద్దరు ఒకే చుట్టులో నిలబడి, తోకలకు కట్టిన కాగితం రిబ్బన్లను ఒకరివి ఒకరు కోస్తారు, గాలిపటాల పేచీ తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంటికి బయల్దేరేముందు ట్యాంకులో మిగిలింది పూర్తిగా తీసేసి, ప్లగ్‌కి బ్యాటరీ పెట్టి ఇంజిన్‌లో ఉన్నది కూడా కాలిపోనివ్వండి. మిథనాల్ తేమను పీలుస్తుంది, నైట్రో కాలిన మడ్డి బేరింగులను తుప్పు పట్టిస్తుంది. గాలి రంధ్రంలో నాలుగు చుక్కల మెషిన్ ఆయిల్ వేసి ప్రొపెల్లర్ పదిసార్లు తిప్పి, గుడ్డ చుట్టి డబ్బాలో పెట్టండి. లైన్లు చుట్టేటప్పుడు వేళ్ల మధ్య నుంచి పోనిస్తూ చుట్టండి, ఎక్కడైనా గరుకు తగిలితే అది తెగిన పోగు, ఆ జత ఇంక పనికిరాదు.